మొదటి ముక్క గుమ్మానిది

దగ్గరికి జరగండమ్మా, చెవి ఇటు పెట్టండి. నేను ఒక ఇనప దాకను. మూడు పొట్టి కాళ్ళు, పైన బరువైన మూత. కిందా నిప్పులు, మూత మీదా నిప్పులు పోస్తే నా కడుపులో రొట్టె పొంగుతుంది. పుట్టింది ఐర్లండులో. బంగాళాదుంపలు కుళ్ళి జనం గడ్డి నమిలి చచ్చిన ఏళ్ళలో ఉత్త నీళ్ళు కాచినదాన్ని. ఆ ఆకలి మరవలేక మా ఇంటివాళ్ళు ఒక మొక్కు పెట్టుకున్నారు. రొట్టె మీద శిలువ గాటు పెట్టాలి, మొదటి ముక్క గుమ్మంలో ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టాలి.

ఆ ఇంటి పిల్ల బ్రిజెట్, రైలింజను నడిపే మొగుడు టియర్నీ వెంట నన్ను బిట్రగుంట రైల్వే కాలనీకి తెచ్చింది. ఆ ఏడు ఇక్కడా కరువే. ఆవిడ ఒక్కగానొక్క బిడ్డ ప్యాట్రిక్ వచ్చే దారిలోనే కలరాకి పోయాడు. కాలనీ చేరకముందే, పట్టాల పక్కన చచ్చిపడిన కూలిమనిషి రొమ్ము చీకుతున్న పసివాణ్ణి ఎత్తుకొచ్చి, పోయినవాడి పేరే పెట్టుకుంది. రంగు సంగతి ఎవరైనా అడిగితే ఎండ మీదికి నెట్టేసేది. మొగుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మేమిద్దరం నోరు విప్పలేదు.

ఆ ప్యాట్రిక్ కూతురే నోరా. నోరా తల్లీ, మొగుడూ పుట్టుపూర్వం తెలియని మిషన్ అనాథలు కావడంతో ఆవిడ గర్వమంతా తండ్రి రక్తమే. ఏటా మార్చి పదిహేడున, ఐర్లండు వాళ్ళ సెయింట్ ప్యాట్రిక్ పండగనాడు, పుల్లమజ్జిగతో పిండి కలిపి నాలో రొట్టె కాల్చేది. కానీ మొదటి ముక్క గుమ్మానికి కాదు, గోడ మీది తాత టియర్నీ పటానికి పెట్టేది.

కూతురు ఐలీన్ గ్యాంగుమన్ కొడుకు కోటయ్యను చేసుకుంది. ఇంట్లో పుట్టినవాళ్ళ పేర్లన్నీ రాసుకునే కుటుంబ బైబిల్లోంచి నోరా ఆ పిల్ల పేరు కొట్టేసింది. మార్చి పదిహేడున ఐలీన్ నిండు కడుపుతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మమ్మీ, మొదటి ముక్క పెట్టవా?"

"టియర్నీ రక్తాన్ని గ్యాంగుమన్ కొంపలో పోశావు. పో, వాళ్ళ సంగటే తిను."

ఐలీన్ మళ్ళీ రాలేదు. బిడ్డకి రెండేళ్ళప్పుడు కామెర్లతో పోయింది. నోరా శవాన్ని చూడటానికైనా కదల్లేదు.

పాతికేళ్ళకి ఆ బిడ్డ సుశీల, కావలిలో నర్సు, ఆ గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మమ్మా, మా అమ్మ పేరు ఆ బైబిల్లో మళ్ళీ రాయి. నాకింకేం వద్దు."

"అమ్మమ్మ అనమాక. ఇది టియర్నీ రక్తం ఉన్నోళ్ళ పుస్తకం. నీలో ఎంతుందో ఎవరికి తెలుసు?"

"సీసాలో ఉమ్మి పంపిస్తే డీఎన్ఏ చూసి చెప్తారంట. ఇద్దరం పంపిద్దాం."

"పంపు పంపు! నాది చూసి ఐర్లండోళ్ళు బ్యాండుమేళం పంపుతారు."

రెండు నెలలకి సుశీల ఫోను చూసి చదివింది. "మనం అమ్మమ్మా మనవరాళ్ళమేనంట. ఐర్లండు మాత్రం చుక్క కూడా లేదు. నీలోనూ లేదు, నాలోనూ లేదు. మనోళ్ళంతా ఈ చుట్టుపక్కలోళ్ళేనంట."

"సీసాలు మారిపోయుంటాయి."

"మారితే మనిద్దరం ఒకటెట్టయినాం?"

నోరా తన చేతులు చూసుకుంది. తర్వాత ఐలీన్ పేరు రాయడానికి కలం తీసింది. సుశీల బైబిలు మూసేసింది. "వద్దులే. చుక్క కూడా లేని రక్తం కోసమా మా అమ్మ ఏడ్చి ఏడ్చి పోయింది?" అని వెళ్ళిపోయింది.

నోరా ఐరిష్‌ది కాదని నేననను. పిండి మీద పడే ఆ చెయ్యి అచ్చం బ్రిజెట్ చెయ్యే. బ్రిజెట్ నేర్పినవాటిలో ఒక్క మొక్కునే వదిలేసింది, అంతే.

మరుసటి మార్చి పదిహేడున నోరా రొట్టె కాల్చింది. పటం వైపు చూడకుండా మొదటి ముక్క పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది. "సుశీలా, అమ్మమ్మనే, రావే" అంది. గుమ్మంలో ఎవరూ లేరు. ముక్క చేతిలోనే ఎండిపోయింది. వానలు పడేలోపు ఆవిడా పోయింది.

ఇప్పుడు నేను కావలిలో పాతసామాన్ల కొట్టులో ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు. నోరుండీ నేను చెప్పలేదు, మీరైనా చెప్పండమ్మా. మీ పిల్లలకి ముక్క పెట్టేటప్పుడు ఐలీన్ పేరు ఒక్కసారి తలవండి, ఆ పేరు ఇంకెక్కడా రాసి లేదు.