బేరానికి నిలబెట్టిన కన్నీళ్లు

ఆ పొద్దున అన్న చేతిలో ఉన్న సరుకు ఏడు శవపేటికలు, ఒక తమ్ముడు. పేటికలు మంచి ధరకి పోయేది తమ్ముడి వల్లే.

తమ్ముణ్ణి వీధంతా అత్తిపత్తి అంటారు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడతాడు. ఎదుటి మనిషి గొంతు వణికితే ఇతని కళ్లు నిండిపోతాయి. చిన్నప్పుడు ఇంట్లో అదొక బెంగ. దుకాణం పెట్టాక అన్న ఒక సంగతి కనిపెట్టాడు: తమ్ముడు పక్కన నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటే కొనేవాళ్లు బేరమాడరు. తమ కోసం ఏడ్చే మనిషి దగ్గర ధర తగ్గించమనడానికి నోరెలా వస్తుంది? నాలుగు వందల పెట్టె ఎనిమిది వందలకి పోయేది. అప్పట్నుంచి తమ్ముడి చోటు గల్లాపెట్టె పక్కనే.

మొన్నటి వారం అమ్మ పోయింది. మట్టి చేసి వచ్చిన సాయంత్రమే అన్న దుకాణం తెరిచాడు. తమ్ముడు అమ్మ కోసం ఏడుస్తూనే నిలబడ్డాడు. రెండు పెట్టెలు అమ్ముడుపోయాయి. మర్నాటి నుంచి అతను వెనక పాకలోంచి బయటికి రాలేదు. ఒంటరిగా చెక్కలు చిత్రిక పడుతూ ఉండేవాడు. చేతులు పనిలో ఉన్నంతసేపూ ఊపిరి కుదురుగా ఆడేది.

ఆ తెల్లవారుజామున ఊరి మిల్లు కప్పు కూలి పనివాళ్లు పోయారు. దుకాణం ముందు జనం.

"ఒక్క పూట రారా. నువ్వు ఊరికే నిలబడు చాలు, మాటలు నేను చూసుకుంటా" అన్నాడు అన్న పాక గుమ్మంలో.

"పాడి గేదెకైనా వట్టిపోయే రోజులుంటాయి కదండీ" అంది వదిన వెనకనుంచి. "మీ తమ్ముడికి అవీ లేవా?"

"నువ్వూరుకో. బియ్యం డబ్బా అడుగంటితే నన్నే అడుగుతావు."

"అడుగుతా. ఆ అన్నం గొంతు దిగట్లేదనే చెబుతున్నా."

అన్న చూపు తప్పించాడు. అమ్మని మట్టి చేసిన సాయంత్రం అమ్మిన ఆ రెండు పెట్టెలూ తనకీ మింగుడు పడలేదు. అయినా నోరు మాత్రం మళ్లీ "రారా" అనే అంది.

తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. మొదట వచ్చింది మిల్లులో కూతుర్ని పోగొట్టుకున్న ముసలాయన.

"ఎంతయ్యా?" అన్నాడు పైపంచె ముడి విప్పుతూ.

అన్న అలవాటుగా తమ్ముడి మొహం చూశాడు. కళ్లు నిండాయి. పెదాలు వణికాయి.

"నాలుగొందలు పెద్దాయనా" అన్నాడు తమ్ముడు. "చెక్కకీ కూలికీ కలిపి అంతే అవుతుంది."

"ఒరేయ్!"

"అంతకన్నా ఎక్కువ అడిగితే ఇవ్వకండి."

ముసలాయన అన్నవైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, నిజమేనా అని అడగడమే ఉంది. అన్న నాలుక చివర ఎనిమిది వందలు ఉన్నాయి. బయటికి రాలేదు.

"నాలుగొందలే" అన్నాడు.

వెనకున్న వాళ్లంతా విన్నారు. మిగతా ఆరూ ఆ ధరకే పోయాయి.

సాయంత్రానికి లెక్క తేలింది. చెక్క ఖర్చు వచ్చింది, కూలి వచ్చింది, పైన దమ్మిడీ మిగల్లేదు. తమ్ముడు మొహం కడుక్కుని వచ్చి, అమ్మ పోయాక మొదటిసారి అన్న కళ్లలోకి చూశాడు.

"ఎంత పనైనా చేస్తానన్నా. దుకాణం ముందుకి మాత్రం ఇక రాను."

అన్న మళ్లీ "రారా" అనబోయి ఆగాడు. రోజంతటికీ చేతికొచ్చిన లాభం తమ్ముడు తన కళ్లలోకి చూసి చెప్పిన ఆ ఒక్క మాటే. దాన్ని కాదనడానికి అతనికి మొహం చెల్లలేదు.