జక్కమ్మ బండిలో చిన్న కట్ట

జక్కమ్మ రోజూ పొద్దున ఏడింటికల్లా సేత్తూరు దారిలో ఉన్న మగ్గాల షెడ్డుకు చేరుకుంటుంది. అక్కడ నేసిన బ్యాండేజి గుడ్డను కట్టలు కట్టి ఉంచుతారు. వాటిని తన మూడు చక్రాల లోడు సైకిలు మీద వేసుకుని, రైలు పట్టాల మీదుగా కట్టిన పాలం, అంటే వంతెన, ఎక్కి దిగి, రాజపాళయం ఊళ్ళోని గోడౌనులో దించడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. వాన వస్తే కట్టల మీద తార్పాయి కప్పుతుంది, తాను తడుస్తుంది.

అప్పుడప్పుడు మిగులు గుడ్డతో కట్టే చిన్న కట్టలు తప్ప, కట్టలన్నీ ఒకే కొలత. అయినా అన్నీ ఒకే బరువు ఉండవు. ఏ గుడ్డ ఏ గాయానికి పోతుందో, ఆ గాయం బరువు ముందుగానే కట్టలోకి వచ్చి కూర్చుంటుంది. మోకాలు గీరుకున్నవాళ్ళకు పోయే గుడ్డకు బరువే తెలియదు. కాన్పుకు పోయేది కాస్త వెచ్చగా ఉంటుంది. లారీ కింద పడబోయేవాడి గుడ్డను మాత్రం ఇద్దరు పట్టి లేపాలి. షెడ్డులో కట్టలు కట్టే పరమేశ్వరి చేతికి అలాంటిది తగిలితే, ఇది గనం అక్కా అని చెప్పి పక్కన పెడుతుంది. జక్కమ్మ దాన్ని అన్నిటికంటే కింద, బండి నడిమధ్య సర్దుకుంటుంది.

అంతకుమించి ఎవరూ ఏమీ అనరు. ఆ కట్ట ఎవరిదని అడగకూడదు. దారిలో విప్పకూడదు. వెనక్కి పెట్టకూడదు. గాయం ఎలాగూ వస్తుంది, గుడ్డ దానికంటే ముందు చేరి ఉండాలి. ఎప్పుడో ఎవరో భయపడి ఒక కట్టను షెడ్డులోనే దాచారట. గాయం రానే వచ్చింది, కట్టడానికి కట్టుకున్న పంచ చించవలసి వచ్చింది. ఇంకో సంగతి, ఒకసారి బరువెక్కిన కట్ట తగ్గితే తగ్గుతుందిగానీ మళ్ళీ ఉత్త గుడ్డ కాదు. అది ఎవరో ఒకరి ఒంటి మీదికి పోయి తీరాలి.

రెండేళ్ళుగా గనమైన కట్టలు ఎక్కువయ్యాయి. రోడ్లు అలా ఉన్నాయి, మనుషుల తొందర అలా ఉంది. జక్కమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకో ఏడాది తొక్కితే ఆ తర్వాత నడవడం కూడా ఉండదని డాక్టరు చెప్పాడు. తొక్కడం మానేస్తే ఏం చేస్తావని మాత్రం అతను అడగలేదు, డాక్టర్లు అడగరు.

భర్త సీనివాసన్ ఆ మాట విని మూడు రోజులు బండి చుట్టూ తిరిగి చూశాడు. అతను ముప్పై ఒక్క ఏళ్ళు స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసినవాడు. నిరుడు ఆ సెక్షను మూసేసి ఇంటికి పంపారు. అప్పటినుంచి అతని చేతులకు పని లేదు. పని లేని చేతులున్న మగవాడు ఇంట్లో తిరుగుతుంటే ఎలా ఉంటుందో జక్కమ్మకు తెలుసు, డబ్బాల మూతలు కూడా బిగుసుకుపోయి రాకుండా పోతాయి. నాలుగో రోజు అతను కోయంబత్తూరు నుంచి ఒక హబ్ మోటారు తెప్పిస్తున్నానని చెప్పాడు. చక్రం నడిమధ్య కూర్చునే మోటారు అది. ముందు చక్రానికి వేస్తే చాలు, తొక్కనక్కరలేదు.

పెట్టె వచ్చింది. మోటారు ఇరుసు మామూలు సైకిలు ఇరుసు కంటే లావు, రెండు పక్కలా చదునుగా చెక్కి ఉంది. అది ముందు ఫోర్కు కాళ్ళ చివర ఉన్న చీలికలో పట్టలేదు. సీనివాసన్ ఆకురాయి తీసుకుని చీలికను అరగదీశాడు. పట్టేదాకా అరగదీశాడు. పెట్టె అడుగున రెండు ఉక్కు పట్టీలు కూడా ఉన్నాయి. ఇరుసును అటూ ఇటూ తిరగనీయకుండా ఫోర్కుకు కట్టేసే పట్టీలవి. అతను వాటిని చూసి నవ్వుకున్నాడు. నట్టు బిగించడం రానివాళ్ళకోసం పెట్టి ఉంటారనుకున్నాడు. తాను స్పానరు వేసి ఒక్క గుంజు గుంజితే ఆ నట్టు తనంతట తాను వదిలింది ముప్పై ఒక్క ఏళ్ళలో లేదు.

అదే అతని తప్పు, మిల్లు ఫిట్టరు తప్ప ఇంకెవరూ చేయని తప్పు. మిల్లులో మోటారును నేలకు బోల్టులు వేసి దించుతారు. అది ఎంత తన్నినా తన్నులు తినేది నేలే. చక్రంలో కూర్చున్న మోటారుకు నేల లేదు. చక్రాన్ని ముందుకు తోయాలంటే అది తన ఇరుసునే తన్నాలి, ఆ తన్నుకు ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. సీనివాసన్ పిండి రుబ్బే గ్రైండరు ఊగుతోందని ఒక పట్టీని దాని కాలి కింద పెట్టాడు. రెండోది కిటికీలో పడి ఉంది.

గురువారం మోటారు బిగింపు అయింది. శుక్రవారం జక్కమ్మ ఒక్కసారి కూడా తొక్కకుండా పాలం ఎక్కి, ఇంటికి వచ్చి చాలా రోజుల తర్వాత నవ్వింది. సీనివాసన్‌కు ఆ సాయంత్రం అన్నం ఎక్కువే పోయింది.

శనివారం గోడౌను తొందరగా మూశారు. ఒక చిన్న కట్ట మిగిలిపోతే సోమవారం దించుదామని ఆమె ఇంటికే తెచ్చింది. బండి వాకిట్లో ఆగేసరికి ఆమె ముఖం వాడిపోయి ఉంది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ కట్టను వాకిట్లోని నులక మంచం మీద దించారు. మంచం నులక నేలను తాకింది.

"చిన్న కట్టే దా. పాలం మీద మోటారు మూలిగినాది," అంది జక్కమ్మ.

కొత్త మోటారు కదా, సర్దుకుంటుందని సీనివాసన్ అన్నాడు. కట్ట గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. అడగకూడదు కాబట్టి అడగలేదు.

ఆదివారం పొద్దున జక్కమ్మ మంసాపురంలో ఉన్న అక్కను చూడడానికి బస్సెక్కింది. సీనివాసన్ బండి కడుగుదామని దాన్ని వీధి చివరి కొళాయి దాకా తోసుకుపోయాడు. మగ్గు మరిచిపోయానని వెనక్కి వస్తే, మంచం నులక పైకి లేచి ఉంది. కట్టను పట్టి చూశాడు. ఒక చేత్తో లేచింది. ఉత్త గుడ్డ ఎంతో అంతకంటే కొంచెం ఎక్కువ, అంతే.

అతను మగ్గు తీసుకోలేదు. బండిని మళ్ళీ వాకిట్లోకి తోసుకొచ్చాడు. ముందు చక్రం గడప దాటగానే నులక కిర్రుమంటూ కిందికి దిగింది.

తర్వాత అతను చేసిన పని ఫిట్టరు చేసే పనే. దేనివల్లో ఒక్కొక్కటిగా విడదీసి చూశాడు. వెనక చక్రాలు విప్పి బయట పెట్టాడు, నులక కదలలేదు. బ్యాటరీ బయట పెట్టాడు, కదలలేదు. ముందు చక్రాన్నీ ఫోర్కునూ విప్పి వీధిలోకి మోసుకుపోయాడు. తిరిగి చూస్తే నులక పైన ఉంది.

వీధిలో అరుగు మీద కూర్చుని ఫోర్కును ఒళ్ళో పెట్టుకుని చూశాడు. మూడు రోజులకే నట్టు కాస్త తిరిగి ఉంది. ఇరుసులోంచి వచ్చే తీగ మెలికపడింది. తాను అరగదీసిన చీలిక మూలలో వెంట్రుకంత పగులు. ఇంకో రోజో రెండు రోజులో పాలం దిగే చోట ఇరుసు గిర్రున తిరిగి చీలికను విప్పుకుని బయటికి వస్తుంది, చక్రం ఒక పక్కకు పోతుంది, బండి నడిపే మనిషి తలకిందులుగా రోడ్డు మీద పడుతుంది. ఆ బండిని జక్కమ్మ తప్ప ఇంకెవరూ నడపరు.

ఇద్దరూ కలిసి ఊపిరి బిగబట్టి దించిన బరువు ఆమెదే. ఆమె తన గుడ్డను తానే మోసుకొచ్చింది. దాన్ని చేసింది మాత్రం తాను, ఈ చేతులతోనే, ఈ గర్వంతోనే. అతను చాలాసేపు ఏడ్చాడు. వీధిలో పోయేవాళ్ళు చూసి, మిల్లు మూసినప్పటినుంచి ఇతనిలా ఉన్నాడని అనుకుని పోయారు.

మోటారే తీసేద్దామా అనుకున్నాడు. పాత చక్రం ఇక ఆ ఫోర్కులో నిలవదు, చీలిక వెడల్పయింది. నిలిచినా ఆమె మోకాళ్ళు నిలవవు. లేచి గ్రైండరు కింది పట్టీ తీశాడు, కిటికీలోది తీశాడు, ఫోర్కు భుజాన వేసుకుని లేతు మిషనుతో ఇనుప పనులు చేసే చిన్న పట్టరై నడిపే తంగవేల్ ఇంటికి పోయాడు.

తంగవేల్ అతనికంటే పదేళ్ళు చిన్న. పట్టరై సెలవైనా ఫోర్కును చేతిలోకి తీసుకుని, పగులు మీద గోరుతో గీసి, తల ఊపాడు.

"అణ్ణా, మోటారు కాలు తన్నుకునేదానికి మిల్లులో నేల ఉండాది. ఈడ ఈ రెండు ఇనుప కాళ్ళే దా ఉండేది. వీటిని నీవే అరగదీసినావు."

తంగవేల్ పట్టరై తెరిచి, బొటనవేలి సగం మందం ఉన్న ఉక్కు రేకులోంచి రెండు కొత్త పట్టీలు కోశాడు. వాటి కన్నాలను ఇరుసు చదునుకు సరిగ్గా సరిపోయేలా, వెంట్రుక కూడా దూరకుండా చెక్కాడు. పగిలిన చోటు పక్కన ముక్క వేసి వెల్డింగు పెట్టాడు. పెట్టెలో వచ్చిన పట్టీలు ఈ బరువుకు చాలవని, వాటిని పైన రెండో కాపలాగా వేద్దామని అన్నాడు. బండిని మళ్ళీ నిలబెట్టడానికి తానూ వెంట వచ్చాడు.

వాకిట్లో ఇద్దరూ చక్రం ఎక్కించారు. తీగ కిందికి వేలాడేలా, వాన నీరు లోపలికి పోకుండా తిప్పారు. ఒక్కొక్క పట్టీ బిగిస్తుంటే మంచం నులక కొంచెం కొంచెంగా పైకి లేచింది. తంగవేల్ అది చూశాడుగానీ చూడనట్టే పని చేశాడు. చివరి క్లిప్పు బిగించాక నులక ఆగింది. ఇంకా ఒక లోతు మిగిలింది, కొబ్బరికాయ పెట్టినంత. సీనివాసన్ క్లిప్పును మళ్ళీ బిగించాడు. ఇంకోసారి బిగించాడు. ఆ లోతు పోలేదు.

పోదని అతనికి తెలుసు. తగ్గింది, అది చాలు.

ఇక చూడవలసింది ఒకటే. ముందు చక్రాన్ని గాలిలో లేపి, టైరు మీద చెక్క అదిమి ఆపుతూ, మోటారుకు పూర్తి వేగం ఇవ్వాలి. అప్పుడు మోటారు ఇరుసును గట్టిగా తన్నుతుంది. ఇరుసు కదలకపోతే పాలం మీదా కదలదు.

"చెక్క నేను పట్టుకుంటా. నీవు వేగం తిప్పు," అంటూ తంగవేల్ చెక్క కోసం వంగాడు. అతని చెయ్యి చెక్కను తాకగానే మంచం కిర్రుమంది. లోతు అతని వైపు చూసినట్టుగా ఇంకాస్త దిగింది. తంగవేల్ వీపు మంచం వైపు ఉంది.

సీనివాసన్ అతని చేతిలోంచి చెక్క తీసుకున్నాడు.

"నీవు ఇంటికి పో తంబి. అన్నం చల్లారిపోతాది."

"ఒక్కడివే ఎట్ల చేస్తావు అణ్ణా?"

"నేను బిగించింది. నేనే చూస్తా. పో."

తంగవేల్ చేతులు తుడుచుకుని పోయాడు. సీనివాసన్ వాకిలి తలుపు మూశాడు. ఎడమచేత్తో వేగం తిప్పాడు, కుడిచేత్తో చెక్కను టైరుకు అదిమాడు. మోటారు గట్టిగా అరిచింది. బండి మొత్తం వణికింది. వేగం ఇంకా పెంచాడు. చెక్క చీలి చక్రంలోకి పోయింది, దానితోపాటు అతని చెయ్యి కమ్మీలకూ కొత్త పట్టీకీ మధ్య పడింది.

చక్రం ఆగాక అతను ముందు చూసింది ఇరుసును. వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆ తర్వాత చెయ్యి చూసుకున్నాడు. రెండు వేళ్ళు లేవు.

అప్పుడే మంసాపురం బస్సు దిగిన జక్కమ్మ తలుపు తోసింది. ఆమె అరవలేదు. చుట్టూ చూసి, ఇంట్లోకి పోయేంత వ్యవధి కూడా లేదనుకుందేమో, మంచం మీది కట్టను ఒక్క చేత్తో లాగి, తాడు తెంపింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె కట్ట విప్పడం అదే మొదటిసారి. తెల్లటి గుడ్డను మూరలు మూరలుగా అతని చేతికి చుట్టింది. మిగిలినదాన్ని తల కింద పెట్టి అతన్ని బండిలో పడుకోబెట్టింది. గాలిలో ఉన్న ముందు చక్రాన్ని నేలకు దించి, వేగం తిప్పి, వీధిలోకి మళ్ళింది.

దారి పొడుగునా ఆమె అతన్ని తిడుతూనే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లులో ఒక గోరు కూడా పోగొట్టుకోని మనిషి, ఇంటి వాకిట్లో వేళ్ళు పోగొట్టుకున్నాడని. ఒక పూట ఊళ్ళో లేకపోతే ఇంత పని చేసి పెట్టాడని. సీనివాసన్ పడుకుని ఆమె వీపును చూస్తూ విన్నాడు. చెయ్యి కొలిమిలో పెట్టినట్టు మండుతోంది. అయినా ఆ తిట్లు ఆగకూడదని అతను కోరుకున్నాడు.

పాలం ఎక్కుతుండగా ఆమె తిట్టడం ఆపింది. మోటారు మూలగలేదు. ముందు చక్రం వంకర లేకుండా, నిలకడగా తిరుగుతోంది. పాలం పైకి చేరాక, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఆ కట్ట ఎవరిది?"

ఆ మాట ఎవరూ అడగరు. ఆమే ఇంతవరకు ఎవర్నీ అడగలేదు.

"నాదే దా," అన్నాడు సీనివాసన్.

"నిన్న ఇద్దరం పట్టి దించినాము. రెండు వేళ్ళు అంత గనం ఉండవయ్యా."

ముందు దిగుడు ఉంది, నిదానంగా పొమ్మన్నాడు అతను. జక్కమ్మ ముందు చక్రానికి రెండు పక్కలా మెరుస్తున్న కొత్త ఉక్కు పట్టీలను చూసింది. దిగుడు మొత్తం వాటినే చూస్తూ దిగింది. కిందికి వచ్చాక కొంగుతో ముఖం తుడుచుకుని, బండిని ఆస్పత్రి వైపు తిప్పింది.