మగ్గెడు పాత నీళ్ళు

మొగులయ్య కొక్కెం దించి, జింకు పూత పట్టిన ఇనుప పైపుల కట్టను తొట్టిలో ముంచాడు. పటాన్‌చెరులోని ఈ షెడ్డులో అతని వయసంతా ఈ తొట్టి దగ్గరే గడిచింది. పూతకు తెల్లతుప్పు పట్టకుండా ఆపే క్రోమ్ నీళ్ళు ఇన్నేళ్ళూ ఇందులో పసుపురంగులో నిగనిగలాడేవి. ఇనుమును కాపాడి మనుషుల్ని తినే నీళ్ళవి. మొగులయ్య ముక్కుకు వాసన తెలియడం ఎప్పుడో పోయింది. భార్య పులుసు మాడ్చినా కిక్కురుమనకుండా తింటాడు కనుక, మంచి మొగుడని వాడలో పేరు కూడా వచ్చింది. పైపులు తుడిచే రాజవ్వకైతే చేతుల నిండా పుండ్లు. అన్నం చెంచాతో తింటుంది.

వారం కిందట చెట్టుబెరడు సారంతో చేసిన కొత్త నీళ్ళు పోశారు. అందులో ముంచిన ముక్కలు ఉప్పునీటి పరీక్షకు నిలిస్తే క్రోమ్ పీడ వదిలినట్టే. నిలవకపోతే మళ్ళీ ఆ పసుపు నీళ్ళే. ఫలితం ఇవాళ తేలుతుంది. పలచటి చాయ్‌లా ఉన్న ఈ నీళ్ళు ఇనుమునేం కాపాడతాయని మొగులయ్యకు ఒకటే బెంగ.

ల్యాబులో పనిచేసే నిషిత సీసా పట్టుకుని వచ్చింది.

"తొట్టిల క్రోమ్ ఉన్నది. ఎవరు కలిపిన్రు?"

రాజవ్వ తుడుస్తున్న పైపు వదిలి లేచి నిలబడింది.

"నేనే మేడం," అన్నాడు మొగులయ్య. "మొన్న మగ్గెడు పాత నీళ్ళు పోసిన. పాలల్ల పెరుగు తోడేస్తం గద, గట్ల. కొత్త నీళ్ళకు జెర బలమొస్తదనుకున్న. ఇయి ఓడిపోతే రాజవ్వ చేతులు ఇగ మానవు గద."

కోప్పడదామని వచ్చిన నిషిత సీసా కింద పెట్టేసింది.

"అయ్యో కాకా! పరీక్షకు పెట్టినయి మొదటి రోజు ముంచిన ముక్కలు. ఒక్క మచ్చ రాలే. నువ్వు పోసిన మగ్గుతోని తొట్టి మొత్తం ఖరాబైంది."

"అంటే పాస్ అయినట్టేనా?"

"అయినట్టే."

మొగులయ్య పసివాడిలా నవ్వాడు. యజమాని మాత్రం నవ్వలేదు. మధ్యాహ్నానికల్లా మొగులయ్యను పనిలోంచి తీసేశాడు. నిషిత బతిమాలినా వినలేదు.

రాజవ్వ గేటు దాకా వెంట వచ్చింది.

"నా కోసం గింత పని చేస్తివి గదనే అన్నా!"

"ఏడ్వకు. చేతులు మానినాంక మా ఇంటికి రెండు జొన్నరొట్టెలు పంపు. గంతే."

సాయంత్రం పాడైన నీళ్ళను డ్రమ్ముల్లోకి ఎత్తి మూతలు బిగించారు. తొట్టి కడిగి మళ్ళీ బెరడు నీళ్ళు నింపారు. రాజవ్వ పైపులు తుడుస్తూ గోడవైపు చూసింది. మేకుకు మొగులయ్య రబ్బరు గ్లౌజులు వేలాడుతున్నాయి, వేళ్ళ కొసలు పసుపుగా, పైపు పట్టుకున్నట్టు ఇంకా కొద్దిగా వంగి.