కూర్చునే వంతు

అది దీవి అంచున సముద్రం పక్కనే సాగే కాలిబాట. ఎక్కడా ఎత్తు లేదు, చిన్నపిల్లలైనా నడిచేస్తారని ఆడపడుచు ముందే చెప్పింది. "ఇంత సులువైన దారిలో నీకు ఇదో బరువా వదినా" అంటూ మరిది నలుగురి మంచినీళ్ల సీసాలూ ఉన్న సంచిని ఆమె భుజానికి తగిలించాడు.

ముందు నడిచే ముగ్గురూ, ఆమె భర్త, మరిది, ఆడపడుచు, కొబ్బరినీడ కనిపించిన చోటల్లా కూర్చునేవాళ్లు. వదిన చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి వాళ్ల అలసట తీరిపోయేది. సీసాలు అందుకుని తాగి, "అందరం వచ్చేశాంగా, పదండి" అని లేచిపోయేవాళ్లు. మొదటిసారి ఆమె ఏమీ అనుకోలేదు. మూడోసారికి ఒళ్లు మండింది.

నాలుగోసారి ఆమె నల్లరాళ్ల దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ లేచి, బట్టలకంటిన ఇసుక దులుపుకుంటున్నారు.

"నత్తకి నడక నేర్పింది మా వదినే," అన్నాడు మరిది.

ఆమె సంచి దించి ఒళ్లో పెట్టుకుని ఒక రాయి మీద కూర్చుంది.

"పద, పొద్దెక్కుతోంది," అన్నాడు భర్త.

"మీరు నాలుగుసార్లు కూర్చున్నారు. నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను రాగానే లేవడానికి నేనేమన్నా బడిగంటనా?"

"ముందే చెప్పొచ్చుగా," గొణిగింది ఆడపడుచు.

"కళ్లున్నవాళ్లకి చెప్పాలా?"

భర్త సీసా కోసం చెయ్యి చాపాడు. ఆమె ఒక సీసా మూత తీసి తనే తాగింది, ఆగి ఆగి, సగం దాకా.

"మీరు నడవండి. నా అలసట తీరాక నీళ్లు వస్తాయి."

నీళ్లు లేకుండా ముందుకు కదల్లేరు, మళ్లీ కూర్చోవడానికి మొహం చెల్లలేదు. ముగ్గురూ ఎండలో అలాగే నిలబడ్డారు.