ఆరె ఆకు బంగారం

దసరా నాడు పొద్దున్నే కచేరీ గుమాస్తా భార్య సుశీలాబాయి మా వాకిట్లోకి వచ్చి, నా చేతిలో గుప్పెడు ఆరె ఆకులు పెట్టింది. "సోనె ఘ్యా, గంగక్కా! బంగారం తీసుకో!" అంది నవ్వుతూ.

మా సిరొంచలో ఆరె ఆకంటే పొగాకు చుట్టుకునే ఆకు. దసరా బంగారమంటే జమ్మి. ఈ మాత్రం తెలియనిదెవరికి? పండుగ పూట చుట్ట తాగమని ఇచ్చిందా, ఎగతాళి చేసిందా? చాందా నుంచి వచ్చిన మరాఠీవాళ్ల ఆచారమేమో, ఎవరికెరుక! ఆమె చేతిలో రెండు గారెలు పెట్టి పంపి, ఆకులు గూట్లో పడేశాను.

అసలు మా ఇంట్లో చుట్ట పేరెత్తాలంటేనే భయం. మా ఆయన సాంబన్నకు ఒక్కడే అన్న, మా బావ బుచ్చన్న. తండ్రి లేని తమ్ముణ్ణి భుజాన మోసి పెంచాడు. ప్రాణహిత ఈ ఒడ్డు ఇంగ్లీషు దొరల చేతికి పోయిన ఏడు, "మనం నిజాం దిక్కు పోదాం నడువు" అన్నాడు బావ. "చెలక ఇడిచి నేను రాను" అన్నాడు ఈయన. మాటా మాటా పెరిగింది. అప్పుడు మా మొండిఘటం ఏం చేశాడనుకున్నారు? అన్న ముందర కాలు మీద కాలేసుకుని, చుట్ట ముట్టించి పొగ వదిలాడు! పెద్దవాళ్లు ఎదురైతే చుట్ట వెనక్కి దాచుకునే ఊరు మాది. బావ కండువా దులుపుకుని పడవెక్కి పోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆ రోజు నుంచి ఈయన చుట్ట ముట్టలేదు. ప్రతి దసరాకూ రేవు దాకా పోయి, ఊరికే పోయినట్టు తిరిగి వస్తాడు. అవతలికి పోయి కాళ్లు మొక్కరాదా అంటే, "ఏ మొకం పెట్టుకొని పోవాలె?" అని నా మీదే కస్సుమంటాడు.

ఈసారీ అంతే. సాయంత్రం జమ్మి పూజ అయ్యాక, తెచ్చిన ఆకంతా దారి పొడుగునా పెద్దల చేతుల్లో పెట్టి, ఉత్త కండువాతో ఇల్లు చేరాడు. కాళ్లు కడుక్కుని తలెత్తేసరికి వాకిట్లో బావ నిలబడి ఉన్నాడు.

నేను చెంబుతో నీళ్లు పెట్టి తలుపు వెనక్కి పోయాను.

"వచ్చినవా అన్నా?" అన్నాడు ఈయన.

"ఆఁ, వచ్చిన."

అంతే. అన్న అరుగు మీద, తమ్ముడు కింద. ఇద్దరూ గోడ చూస్తున్నారు. కోపం తీరి వచ్చాడా, ఇంకా తిట్టేది మిగిలి వచ్చాడా? నాకేమీ అంతు పట్టలేదు. కాసేపటికి బావ కుడి అరచెయ్యి మోకాలి మీద వెల్లకిలా పెట్టాడు. అప్పుడు తెలిసింది, జమ్మి కోసం వచ్చాడు! తమ్ముడు అన్న చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కితే ఎంత పగైనా ఆ పూటతో సరి.

ఈయన కండువా దులిపాడు. రొండిన వెతుక్కున్నాడు. ఒక్క ఆకు లేదు.

"చీకటైతే పడవోడు ఆగడు. పోత నేనిగ" అని బావ లేవబోయాడు.

నాకు గూట్లో ఆకులు కనబడ్డాయి. బంగారమని ఆ బాయి నోటితోనే అంది కదా! ఒక్క ఉదుటున తెచ్చి ఈయన చేతిలో కుక్కి, మళ్లీ తలుపు వెనక్కి పోయాను. ఈయన చూసుకోకుండానే అన్న చేతిలో పెట్టి కాళ్ల మీద పడ్డాడు.

బావ అరచెయ్యి చూసుకున్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్రలో. చుట్ట పొగతో దూరమైన అన్న చేతిలో చుట్ట ఆకు పెట్టించాను! పుండు మీద కారం చల్లాను.

"ఏందిరా ఇది?" అన్నాడు బావ.

ఈయన తలెత్తి చూసి బిక్కచచ్చిపోయాడు. "అన్నా, నేను... గంగా, ఏందే ఇది?"

"మరాఠోల్ల బంగారమట బావా! కచేరీ బాయి ఇచ్చింది. జమ్మి అయిపాయె, నువ్వు లేస్తివి, నేను పరేషానైన. నాకేం ఎరుక!" అని తలుపు వెనక నుంచి ఏడుస్తూనే అరిచాను.

బావ ఆ ఆకుల్ని వేళ్లతో తిప్పి చూశాడు. "జర నిప్పు తే బిడ్డా" అన్నాడు.

ఎందుకో తెలియకుండానే నిప్పుకణిక తెచ్చాను. బావ ఒక ఆకును సెగకు వాడ్చి, రొండిన ఉన్న పొగాకు నలిపి చుట్టి, ముట్టించాడు. ఒక దమ్ము లాగి తమ్ముడి వైపు చాపాడు.

"తాగు."

"నీ ముందరనా? సచ్చినా తాగనన్నా!"

"నా ముందర్నే తాగు. ఇన్నేండ్ల సంది నీ చుట్ట పొగ నా కండ్లల్లనే ఉన్నది. గియ్యాల నేనే ఇస్తున్న. తాగు తమ్మీ."

తాగితే మర్యాద పోతుంది, తాగకుంటే అన్న మాట పోతుంది. ఈయన వెర్రిముఖం వేసుకుని నా వైపు చూశాడు. నేనేం చెప్పను, నా తలకాయ! చివరికి తీసుకుని ఒక్క దమ్ము లాగాడు. అలవాటు తప్పి పొరపోయింది. కళ్లనిండా నీళ్లు. దగ్గువల్లో, మరి దేనివల్లో.

"మెల్లగరా, మెల్లగ" అంటూ బావ వీపు నిమిరాడు.

రేవులో పడవవాడు పిలిచి పిలిచి వెళ్లిపోయాడు. బావ అరుగు మీద నుంచి లేవలేదు.