మంచు మీద పసుపు

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. కింద వంటగదిలో ఇస్త్రీ చేసుకుంటూ ఇంటావిడ బిర్గిట్. పైన, కిటికీలకి దుప్పట్లు కొట్టి చీకటి చేసిన గదిలో వీబె, సోల్వై. బయట మెట్ల మీద మోకాళ్లకి గడ్డం ఆనించుకుని టీరా. జానెడు పొడవున్న పడవవాణ్ణి కూడా లెక్కేస్తే ఐదుగురు.

వాణ్ణి చేసింది టీరాయే. తీగతో ఎముకలు, ఉన్నితో ఒళ్లు, తాతగారి చేతిరుమాలుతో చొక్కా. సెప్టెంబరు నుంచీ, కాలేజీ కోసం తీస్తున్న బొమ్మల సినిమాని తనూ వీబె ఇద్దరే మోశారు. పని గడువుకి అందదని తేలాక, మూడు వారాల కిందట వీబె పక్క తరగతి నుంచి సోల్వైని తెచ్చుకుంది. సోల్వై కదిపితే పడవవాడు నిజంగా ముసలివాడిలా నడిచాడు. టీరా చేతిలో ఎప్పుడూ అలా నడవలేదు. అది చూసి వీబె చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు టీరా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

సాయంత్రం ఐదింటికల్లా సినిమాని కాలేజీకి అప్పగించాలి. మిగిలింది ఒక్క షాటు. పడవవాడు మంచులో ఆరు సెకన్లు నడవాలి. వాణ్ణి వెంట్రుకవాసి కదపడం, ఒక ఫొటో తియ్యడం, మళ్లీ కదపడం. అలా డెబ్బై రెండు ఫొటోలు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టారు.

ఆ గదిలోకి ఎవరు వెళ్లినా నల్లబట్టలే. రంగుబట్ట మీద దీపం వెలుగు పడితే ఆ రంగు వెళ్లి బొమ్మ మీద చిమ్ముతుంది. టీరాకీ నల్లకోటుంది. కానీ ఆ రోజు లోపల పసుపు స్వెట్టర్ వేసుకుంది. వీబె వాళ్లమ్మ ఇద్దరికీ ఒకే ఉన్నితో అల్లినది. మొదట కాఫీ తీసుకెళ్లినప్పుడు కోటు గుండీలు పెట్టుకునే ఉంది. రెండోసారి రొట్టె ముక్కలు తీసుకెళ్లి, బల్ల పక్కన నిలబడి, గుండీలు విప్పింది.

"బాగుందే, ఎవరల్లారు?" అంది సోల్వై.

"వీబె వాళ్లమ్మ. మా ఇద్దరికీ."

"ష్! మాట్లాడకండే, లెక్క తప్పుతున్నా" అంది వీబె, కంప్యూటర్ తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

సూదికని, జిగురుకని టీరా ఇంకో నాలుగుసార్లు వెళ్లింది.

ఒంటిగంటకి వీబె ఫొటోలన్నీ వరసగా ఆడించింది. పడవవాడు చక్కగా నడిచాడు. వాడి పక్కన తెల్లటి మంచు ఉన్నట్టుండి పసుపెక్కింది, తెల్లబడింది, మళ్లీ పసుపెక్కింది.

"దీపం ముట్టుకున్నావా?" వీబె సోల్వై మీద విరుచుకుపడింది. "దాని జోలికి పోవద్దని చెప్పానా లేదా? నిన్ను పిలవడం నాదే బుద్ధి తక్కువ!"

గడప దగ్గర నిలబడ్డ టీరాకి ఆ మాట కమ్మగా వినబడింది. ఇంకొక్కసారి అంటే బాగుండుననిపించింది. వింటూనే కోటు గుండీలు పెట్టుకోబోయింది. వీబె అటు తిరిగింది.

"ఏంటది? చెయ్యి తియ్యి."

టీరా తియ్యలేదు. వీబె వచ్చి కోటు అంచు పట్టి లాగింది. చాలాసేపు ఆ స్వెట్టర్ కేసే చూసింది.

"దీనితోనా వస్తున్నావ్, పొద్దుట్నుంచీ?" తర్వాత సోల్వైని అడిగింది. "నువ్వు చూశావా?"

"చూశా. చెబితే చిన్నబుచ్చుకుంటుందేమోనని..." సోల్వై నసిగింది. "దీపానికి దూరంగానే ఉంది కదా, రంగు పడదనుకున్నా. నాదీ తప్పే."

ఆమె తనని వెనకేసుకురావడమే టీరా ఓర్చుకోలేకపోయింది.

"ఇంకా నాలుగ్గంటలుంది. నడక నాలుగు సెకన్లకి కుదించి మళ్లీ తీద్దాం" అంది సోల్వై. "కానీ వీడి ఎడమ మోకాలు వదులైంది."

"నేను బిగిస్తా!" అంది టీరా. "ఇది విప్పేసి క్షణంలో వచ్చేస్తా. ఆ మోకాలు సంగతి నాకే తెలుసు, వీబె."

వీబె పడవవాణ్ణి బల్ల మీంచి తీసి సోల్వై అరచేతిలో పెట్టింది.

"తను చూసుకుంటుందిలే. నువ్వు కిందికెళ్లు" అని, బల్ల అదరకుండా మెల్లగా తలుపు మూసేసింది.