ముందు నువ్వియ్యి, కార్పొరేటరూ!

వార్డు ఆఫీసు బాత్రూమ్ తలుపు తెరిచే ఉంది. జానయ్య చేతిలో ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెనక, గడప మీద కాలు మోపి కాంట్రాక్టర్ యోగేందర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

“తలుపేసుకుంట సార్.”

“ఏసుకుంటే నీళ్ళు కలుపుతవ్. కానియ్యి.”

బయట వరసలో నిలబడ్డవాళ్ళంతా చైతన్యపురి, కొత్తపేట గల్లీలు ఊడ్చేవాళ్ళు, చెత్త ఆటోలు నడిపేవాళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఒక్కరూ ఇటు చూడలేదు. వాళ్ళు చేయగలిగిన మర్యాద అదొక్కటే. యాభై దాటిన మనిషి జానయ్య, డబ్బా నిండేసరికి చెమటతో తడిసిపోయాడు.

ఈ మూత్ర పరీక్షలు ఎందుకొచ్చాయో ఆ వరసలో అందరికీ తెలుసు. పెద్ద అంబర్‌పేట్ అవతల ఒక ఫామ్‌హౌస్‌లో డ్రగ్స్ పార్టీ మీద పోలీసులు పడ్డారు. కార్పొరేటర్ కమలాకర్ కారు అక్కడుందని టీవీలో చూపించారు. మర్నాటికి ఆ వార్త లేదు. వారం తిరక్కుండానే ‘మత్తు లేని డివిజన్’ అంటూ నవ్వుతున్న కమలాకర్ ఫ్లెక్సీలు మెట్రో స్తంభాల నిండా వెలిశాయి. మత్తు వదిలించే పని కింది నుంచి మొదలుపెట్టాలట. అందరికన్నా కింద ఉన్నవాళ్ళు వీళ్ళే.

జానయ్యకు పాజిటివ్ వచ్చింది. దగ్గు తగ్గక డాక్టర్ రాసిచ్చిన మందు తాగుతున్నాననీ, అందులో మత్తు ఉంటుందని మందుల షాపాయన కూడా చెప్పాడనీ సీసా తీసుకెళ్ళి చూపించాడు. యోగేందర్ దాన్ని ముట్టుకోలేదు.

“రేపటి సంది రాకు. బండి తాళం ఆడ పెట్టు.”

భార్య పోయాక జానయ్య కొత్తపేట రైతుబజారు వెనక ఒక గదిలో ఒక్కడే ఉంటున్నాడు. తెల్లారి బండి తీస్తే గడపగడపనా ఎవరో ఒకరు పలకరించేవారు. ఆ పలకరింపులతోనే అతనికి పొద్దు గడిచేది. ఇప్పుడు చాయ్ హోటల్‌లో అతను కూర్చుంటే పక్కవాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడుతున్నారు. ఇంటి ఓనరు శ్రీకళ మెట్ల దగ్గర ఆపి, “ఆడపిల్లలున్న ఇల్లన్నా... ఇంకో రూము చూసుకోరాదే,” అంది, మొహం చూడకుండా. పొద్దున అలవాటుగా మెలకువ వచ్చేది. గల్లీ మొదట్లోకి వెళ్ళి నిలబడేవాడు. తను నడిపిన చెత్త బండి పాట పెట్టుకుని వస్తుంటే, కొత్త డ్రైవర్ తనను గుర్తుపడతాడేమోనని ఏదో ఒక కారు చాటుకి తప్పుకునేవాడు. పాట మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా అక్కడే ఉండి, తర్వాత గదికి పోయి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కొన్ని రోజులు అతని గొంతు అతనికే వినబడలేదు.

ఒక మధ్యాహ్నం అరుణమ్మ వచ్చింది. అదే వార్డులో ఊడ్చే మనిషి, నోరు పెద్దది.

“లే జానన్నా. మీటింగ్ పెట్టినం, రా.”

“గిన్ని దినాలు యాడున్నవ్?”

ఆమె తల దించుకుంది. “భయపడ్డనే. నీతోని మాట్లాడితే నన్ను సుత గట్లనే అంటరని. నిన్న నా కోడలు పరీక్షకని లోపల కూసుంటే గా సూపర్వైజర్ తలుపు తీసిండు. పొల్ల ఇంకా ఏడుస్తనే ఉంది. ఇగ దేనికి భయపడాలె?”

మీటింగ్ మెట్రో వంతెన కింద జరిగింది. హాస్టళ్ళ నుంచి కొందరు విద్యార్థులూ వచ్చారు. వాళ్ళలో రోహిణి అనే అమ్మాయి భీమవరం నుంచి కోచింగ్‌కి వచ్చింది.

“కమలాకర్‌తోని పోయిపియ్యాలె!” ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

“నవ్వుడు కాదు,” అంది అరుణమ్మ. “చెత్త బండి నడిపేటోనికి మత్తు ఉండొద్దంటే, ఊరిని నడిపేటోనికి ఉండొచ్చునా? ఓట్లేసింది మనం. అడిగే హక్కు లేదా?”

“అది నిజమే పిన్నిగారూ,” అంది రోహిణి. “అధికారం ఉన్నవాళ్ళే ముందు లెక్క చెప్పాలి. వాళ్ళ నిర్ణయాలు లక్షలమంది మీద పడతాయి కదండీ.”

జానయ్య వెనక నిలబడి ఉన్నాడు. మాట్లాడాలని అనుకోలేదు. “నేను ఆడ నిలబడ్డ,” అన్నాడు. అందరూ తిరిగారు. “గా సిగ్గు నాకెరుక. గాయినకు సుత గట్ల కావద్దు. పరీక్ష ఎవ్వరికీ వద్దందాం.”

“నీ నోటికాడి బువ్వ గుంజుకున్నోని మీద జాలా?” అరుణమ్మ మండిపడింది. “మనోడివేనా నువ్వు?”

చాలామంది ఆమెతోనే ఉన్నారు. గదిలో కన్నా ఆ గుంపు మధ్యనే జానయ్యకు ఎక్కువ ఒంటరిగా అనిపించింది. అయినా మర్నాడు ఊరేగింపులో నడిచాడు.

ఎల్బీనగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో కమలాకర్ బడి పిల్లలతో మత్తు వ్యతిరేక ప్రతిజ్ఞ చేయిస్తున్నాడు. పనికి వేసుకునే ఖాకీ కోట్లతోనే ఊరేగింపు జనం తలుపులు తోసుకుని లోపలికి వచ్చారు. అరుణమ్మ స్టేజీ ముందుకెళ్ళింది.

“ముందు నువ్వియ్యి, కార్పొరేటరూ!”

“అమ్మా, నేను ప్రజాప్రతినిధిని.” కమలాకర్ మైకులో నవ్వాడు. “నాకు పరీక్ష పెట్టేది ప్రజలే. ఐదేండ్లకోపారి పెడుతరు.”

“మాకు సుత ప్రజలే పెడుతరు సార్!” జానయ్య గొంతు తనకే తెలియకుండా లేచింది. “గల్లీ ఊడ్వకుంటే తెల్లారే అడుగుతరు. నేను మందు తాగింది దగ్గుకు. మీరు ఫామ్‌హౌస్‌కు ఏం రోగముండి పోయిన్రు?”

వెనక వరసలో ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. కమలాకర్ మొహం నల్లబడింది. అతను చెయ్యి ఊపగానే బందోబస్తు పోలీసులు మీదికొచ్చారు. జానయ్యను కాలర్ పట్టి ఈడ్చుకెళ్ళారు. అరుణమ్మ అతని వెంట పోలీసు వ్యాన్ ఎక్కబోతే లాఠీతో నెట్టేశారు. నినాదాలు కాసేపు వెంట వచ్చాయి. తర్వాత హారన్ల మోత తప్ప ఏమీ లేదు.

స్టేషన్‌లో మధ్యాహ్నానికల్లా యోగేందర్ వచ్చాడు. “అందరూ డ్యూటీకి పోయిన్రు. నీ ఒక్కని కోసం ఎవడొస్తడు? తప్పయిందని సారుకు చెప్పు, రేపే బండెక్కు.”

అది నిజమే అయ్యుంటుందనుకున్నాడు జానయ్య. ఎవరూ రారనే అనుకున్నాడు. బండి హ్యాండిల్ చేతుల్లో ఆడినట్టే అనిపించింది. తప్పయిందంటే చాలు, రేపు పొద్దున పలకరింపులు.

“నేను తప్పు చెయ్యలే,” అన్నాడు.

యోగేందర్ వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా అరుణమ్మ వచ్చింది. నుదుటికి కట్టు, చీర కొంగు మీద రక్తం మరక. ఊచల దగ్గర నిలబడి రొప్పుతోంది.

“బండ్లన్నీ ఆపేసినం. ఒక్కరు చెత్త డబ్బా ముట్టలే. సరూర్‌నగరోళ్ళు సుత సమ్మెకు కూసున్నరు. హాస్టల్ పిలగాండ్లు గేటు బయటనే ఉన్నరు.”

జానయ్య ఊచలు పట్టుకున్నాడు.

“నీ మాట మాత్రం ఒప్పుకోలేదు,” అందామె. “కమలాకర్ పరీక్ష ఇయ్యాల్సిందే అంటున్నం. బయటికి రా. గా సంగతి నీతోని కొట్లాడేది ఉంది.”

“కొట్లాడు,” అన్నాడు జానయ్య. “నేను సుత గట్టిగనే కొట్లాడుత.”